నోట్లో గడిపిన గంటలు చెల్లవు

మిత్రులారా, సూటిగా అడుగుతున్నాను. దంత వైద్యంలో సీటు ఎవరికి రావాలి? పన్ను పీకడం వచ్చినవాళ్ళకా, పీకుతుంటే చూశామని కాగితం తెచ్చినవాళ్ళకా? తొందరపడి జవాబు చెప్పకండి. ఒక పెద్ద అడవిలో పెద్ద పెద్దవాళ్ళు కూర్చుని దీనికి జవాబు చెప్పారు. ముందు అది వినండి.

ఆ అడవిలో ఒక దంత వైద్య కళాశాల, దానికి పది సీట్లు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న జంతువులన్నీ వాటి మీదే ఎగబడేవి. వాటిలో వకుళ అనే తీతువు పిట్ట ఒకటి. మూడేళ్ళుగా వకుళ పొద్దున్నే ఏటి ఒడ్డుకి వెళ్ళి, మొసలి తాత నోట్లో దూరి, పళ్ళ సందుల్లో ఇరుక్కున్నవన్నీ ముక్కుతో లాగి, ఆ తర్వాతే క్లాసుకి వెళ్ళేది. ఈసారి సీటు రాకపోతే కొంగగారి చేపల ఆఫీసులో గుమాస్తాగా చేరాలని నాన్న తేల్చి చెప్పేశాడు.

దరఖాస్తులో ఒక గడి ఉంది: ‘దంత వైద్యుడి గదిలో నిలబడి చూసిన గంటలు, కనీసం వంద.’

అడవిలో ఉన్న ఒకే ఒక్క దంత వైద్యుడు ఎలుగుబంటి. ఆయన తేనె కోసం పక్క అడవికి వెళ్ళి ఏడాదైంది. ఆ గంటలకి వేసే ఆయన స్టాంపు మాత్రం నక్క కోచింగ్ సెంటర్లో ఉండిపోయింది.

వకుళ నక్క దగ్గరికి వెళ్ళింది.

“సార్, నేను మొసలి తాత నోట్లో మూడేళ్ళు పనిచేశాను. ఆ గంటలు రాసుకోవచ్చా?”

“నోట్లోపలా?” నక్క కళ్ళద్దాలు సర్దుకుంది. “చూడమ్మాయ్, నిబంధనలో ‘నిలబడి చూసిన’ అని ఉంది. లోపల దూరినదానివి బయట నిలబడి ఎలా చూస్తావు? అవి చెల్లవు.”

“చూడటం కంటే చెయ్యడం ఎక్కువ కదా సార్?”

“ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. గడికి సరిపోవాలి. సరే, నీ వ్యాసం ఇలా మొదలుపెట్టు: ‘మా అమ్మమ్మ పన్ను నొప్పితో ఏడుస్తుంటే నా గుండె కరిగిపోయింది.’”

“మా అమ్మమ్మకి పళ్ళెక్కడివి సార్? మేం పిట్టలం!”

“అబ్బ, ఎంత విషాదం! పళ్ళు లేవని ఏడ్చిందని రాయి.”

వకుళ రాయలేదు. ఆ గడిలో ‘సున్నా’ అని వేసి, కింద ‘మొసలి నోట్లో మూడేళ్ళు’ అని రాసి ఇచ్చేసింది.

“పిచ్చిదానా, అందరూ వేయించుకుంటున్న స్టాంపే కదే!” అంది పక్కనే ఉన్న కోతి. దాని ఫైల్లో మూడు వందల గంటలున్నాయి.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. కళాశాల పెద్ద పులిగారు నలభై ఫైళ్ళూ ముందేసుకుని కళ్ళు ఒత్తుకున్నారు.

“ముప్ఫై తొమ్మిది మంది అమ్మమ్మలు! పాపం, ముప్ఫై తొమ్మిది మందికీ పన్ను నొప్పే!”

ఆ దుఃఖంలో ఆయన ఫలహారం గట్టిగా కొరికారు. ఫలహారం ఎవరని మీరడగకండి, నేను చెప్పను. ఎముక ముక్క ఒకటి దవడ పన్ను పక్కన చిగురులో దిగింది. పులిగారి గావుకేకకి కిటికీలు అదిరాయి.

“ఎవరైనా తీయండి!”

మాస్టర్లు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. వాళ్ళూ ఒకప్పుడు చూసి పాసైనవాళ్ళే.

“కోతీ! మూడు వందల గంటలన్నావుగా, రా!”

కోతి రెండడుగులు ముందుకేసి, చేతులు కట్టుకుని, మెడ సాచి చూసింది. దాని వెనక ముప్ఫై ఎనిమిది జంతువులు వరసగా నిలబడి చూశాయి.

“ఏం చేస్తున్నార్రా?”

“చూస్తున్నాం సార్,” అంది కోతి వినయంగా. “మాకు నేర్పింది ఇదే.”

వకుళ ముందుకొచ్చింది. “నేను తీస్తాను సార్. కానీ ముందు నా ఫైలు మీద ‘సీటు ఇచ్చాం’ అని రాసి సంతకం పెట్టండి.”

“బెదిరిస్తున్నావా? నువ్వు లోపలున్నప్పుడు నేను నోరు మూస్తే ఏమైపోతావో తెలుసా?”

“మూయండి సార్. ఎముక ఇంకా లోపలికి దిగుతుంది.”

పులిగారు సంతకం పెట్టారు. వకుళ లోపలికి దూరి ఒక్క లాగు లాగింది. ఎముక నేల మీద పడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నక్కే.

వకుళకి సీటొచ్చింది. కథ కంచికి వెళ్ళాల్సింది, కానీ కళాశాల కమిటీ అడ్డుపడింది. మర్నాడే కొత్త నిబంధన పెట్టింది: ‘చూడటం చాలదు. వచ్చే ఏడాది నుంచి అభ్యర్థి స్వయంగా నోట్లో దూరి వంద గంటలు పనిచేసినట్టు ధ్రువపత్రం తేవాలి.’

సాయంత్రానికల్లా నక్క సెంటర్ ముందు కొత్త బోర్డు వెలిసింది: ‘నోట్లో దూరిన గంటలు ఇచ్చట లభించును. నోటితో పనిలేదు.’

నీతి: నిబంధన మారితే పని వచ్చినవాళ్ళు పెరగరు, స్టాంపు వేసేవాడి పని పెరుగుతుంది.

మిత్రులారా, వచ్చే వారం మీ చేతుల్లోనూ దరఖాస్తులుంటాయి. చెయ్యని పనికి గంటలు వేయకండి. చేసిన పనికి గడి లేకపోతే, మార్జిన్లో రాయండి. ఒక్కరు రాస్తే పిచ్చంటారు. నలభై మందీ రాయండి.