పిలిస్తే దిగే జట్టు

బంతి కొట్టడానికి ఎగిరిన అమ్మాయిలు వెంటనే కిందికి రారన్న సంగతి విశ్వవిద్యాలయ క్రీడా విభాగానికి మహిళా వాలీబాల్ జట్టు పెట్టిన మొదటి ఏడాదే తెలిసింది. మొదటి కెప్టెన్ వసుంధర ఒక ఆగస్టు సాయంత్రం సాధనలో ఎగిరి, నెట్టు పైన నాలుగు గజాల ఎత్తున ఆగిపోయింది. అక్కడ హాయిగానే ఉందని చెప్పింది. అగ్నిమాపక శాఖకు లేఖ రాశారు. మంట లేని చోటికి బండి పంపడానికి వీల్లేదని జవాబు వచ్చింది. ఆమె హాజరుకు ఇబ్బంది కలగకుండా చరిత్ర పాఠాలను రెండో అంతస్తుకు మార్చారు. ఆమె కిటికీ బయట గాలిలో కూర్చుని మూడు రోజులు నోట్సు రాసుకుంది.

నాలుగో రోజు ఊరి నుంచి నాయనమ్మ వచ్చి, గేటు దగ్గరే నిలబడి, ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో ఒక్క కేక వేసింది. వసుంధర మారుమాట లేకుండా దిగి, చెప్పులు వేసుకుని, నాయనమ్మ వెంట ఇంటికి వెళ్లింది. మళ్లీ ఎగరలేదు. ప్రయత్నించింది కానీ మడమలు లేవలేదు.

ఆ అనుభవం మీదే నిబంధనలు తయారయ్యాయి. జట్టు దరఖాస్తులో పద్నాలుగో గడి ముద్దుపేరుది. ఆ పేరు ఎవరు పిలిచినా పనిచేయదు, ఇంటివాళ్లే పిలవాలి. అందుకే ప్రతి ఆటకూ ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి కూర్చోవడానికి కోర్టు పక్కన రేకుల షెడ్డు వేశారు. దాన్ని పిలుపు షెడ్డు అంటారు. అబ్బాయిల జట్టుకు అలాంటి షెడ్డు లేదు. వాళ్లు ఎగిరిన వెంటనే దిగుతారు, కప్పులు తెస్తారు. వాళ్ల ముద్దుపేర్లు ఎవరూ అడగలేదు.

యాభై ఏళ్లలో రెండు వందల పదకొండు మంది అమ్మాయిలు పైకి వెళ్లారు. అందరూ దిగారు. దిగినవాళ్లెవరూ మళ్లీ ఎగరలేదు. ఒక్క కప్పూ రాలేదు. వార్షిక నివేదికలో కప్పుల గడి ఖాళీగా వదిలి, కింద "క్షేమంగా దిగినవారు: నూరు శాతం" అని రాస్తారు. ఈ విషయంలో తమకు సాటి వచ్చే విశ్వవిద్యాలయం లేదని రిజిస్ట్రారుగారు ప్రతి సభలోనూ చెబుతారు.

స్వర్ణోత్సవం ఏడాదిలో సౌజన్య జట్టులో చేరింది. వాళ్లమ్మ అనసూయ అంగన్‌వాడీలో ఆయా, ఏడో తరగతి దాకా చదివింది. సంతకం పెట్టే ముందు దరఖాస్తును రెండు వైపులా తిప్పి చూసింది.

"ఇంట్లో ఏమని పిలుస్తరమ్మా?" అని గుమాస్తా వామన్‌రావు అడిగాడు.

"అదెందుకు సార్?"

"దిగనీకి."

"బుడంకాయ అంటం సార్. పుట్టినప్పుడు గంతే ఉండె."

"అమ్మా!" అని సౌజన్య తల పట్టుకుంది. "మైకుల గిట్ల చెప్తరా ఏంది సార్ అది?"

"మైకు లేదు బిడ్డా. అమ్మ గొంతే." వామన్‌రావు నవ్వకుండా రాసుకున్నాడు. పోయినేడు ఒక అమ్మాయి ముద్దుపేరు బస్తా అని, ఆమె కూడా మెత్తగానే దిగిందని ధైర్యం చెప్పాడు.

అనసూయకు ధైర్యం రాలేదు. కోర్టు పక్క నుంచి కరెంటు తీగలు పోతున్నాయి. కాకులున్నాయి. గాలి వీస్తే పిల్ల పక్క జిల్లాకు కొట్టుకుపోవచ్చు, అక్కడ చుట్టాలెవరూ లేరు. ఎండలో నల్లబడితే పెళ్లివాళ్లు ఏమంటారు? ఇవన్నీ ఆమె, జట్టుకు ఆట నేర్పే పీడీ సువర్ణ మేడాన్ని అడిగింది. మేడం ఒకప్పుడు ఇదే జట్టులో ఆడి, ఆరు రోజులు పైన ఉండి వచ్చిన మనిషి.

"పైన ఏముంటది మేడం?"

"యాదికి లేదమ్మా. చల్లగ ఉండె," అంది మేడం. ఆపైన రిజిస్టరు తెరిచి ఏదో వెతికింది.

ఆ ఏడాది జట్టు, ఎవరూ అనుకోని విధంగా, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల ఫైనలుకు వచ్చింది. ఆట సొంత కోర్టులోనే. ఐదో సెట్టులో పద్నాలుగు పదమూడు. ఒక్క పాయింటు చాలు. సౌజన్య ఎగిరింది. అవతలి జట్టులో అడ్డుకోవడానికి ముగ్గురు ఎగిరారు. బంతి కూడా ఎవరికీ అందకుండా, సబ్బు నురగలాగా మెల్లగా పైకి పోసాగింది. నేలను తాకనంత వరకు పాయింటు బతికే ఉంటుంది. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. జనం పల్లీలు తెచ్చుకున్నారు.

ఒక గంటకు అవతలి జట్టు మొదటి అమ్మాయిని మేనత్త పిలిచింది. రెండో అమ్మాయిని తండ్రి, మూడో అమ్మాయిని అన్న పిలిచారు. ముగ్గురూ దిగిపోయారు. ఇప్పుడు ఆకాశంలో సౌజన్య ఒక్కతే ఉంది. ఆమె జడ విప్పుకుని గాలిలో పరుచుకుంది. నీళ్ల ట్యాంకు కంటే ఎత్తున, సాయంత్రపు ఎర్రటి వెలుతురులో, నిద్రలో ఈదుతున్న మనిషిలాగా కదులుతోంది. బంతికీ చేతికీ మధ్య జానెడు దూరం ఉంది.

"అమ్మా, జరసేపాగు! అందుతది!"

"తీగలున్నయ్ బిడ్డా!"

"నేను తీగల మీదికెల్లి ఎప్పుడో దాటిన! ఇక్కడికెల్లి మన ఊరు కనబడ్తుంది. మన ఇంటి మీద నువ్వు ఆరేసిన చీర గూడ."

"వాన మబ్బు పట్టింది. బస్సు పోతది."

"పోతే పోనీ. ఒక్క పాయింటమ్మా. నీకు దండం పెడ్త, పిలువకు."

షెడ్డులో ఎవరూ అనసూయను తొందరపెట్టలేదు. పీడీ మేడం ఆమె పక్కనే కూర్చుని పైకి చూడకుండా గోళ్లు చూసుకుంటోంది. పిలిస్తే ఆ పిల్ల మళ్లీ ఎగరదని అనసూయకు తెలుసు. పిలవకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. యాభై ఏళ్లలో పిలవకుండా ఉండి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. సౌజన్య చేయి చాచింది. వేళ్లు బంతికి ఆనబోయాయి. దూరంగా ఒక ఉరుము, చాలా చిన్నది, వినిపించింది.

"బుడంకాయ్!" అంది అనసూయ. గట్టిగా కూడా కాదు, అన్నానికి పిలిచినట్టు.

సౌజన్య చేయి ఆగింది. కిందికి చూసింది. మెట్లు దిగినట్టు ఒక్కో అడుగే వేస్తూ దిగి వచ్చి, తల్లి చెప్పులు ముందుకు జరిపితే వేసుకుంది. బంతి ఇంకొంత పైకి పోయి మబ్బులో కనబడకుండా పోయింది. పాయింటు తేలలేదు కనుక కప్పును ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో పెట్టారు.

"మంచి పని చేసినవ్ అనసూయక్కా," అంది పీడీ మేడం. జట్టులోని మిగతా ఐదుగురి తల్లులూ ఆమె చేయి పట్టుకున్నారు. వామన్‌రావు రిజిస్టరులో రెండు వందల పన్నెండో వరుస నింపాడు. స్వర్ణోత్సవ సంచికలో జట్టు ఫొటో వేశారు. పన్నెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి.

సౌజన్య కోప్పడలేదు. వాన నిజంగానే వచ్చిందని, బస్సు దొరికిందని ఒప్పుకుంది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. నెమ్మదిగా నడుస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. మొన్న అటక మీది మామిడికాయ పచ్చడి జాడీ అందక, "అమ్మా, జర స్టూలు తే," అంది. ఆ పిల్ల ఎత్తుకు ఆ అటక ఒకప్పుడు లెక్కే కాదు.

అనసూయ సంతోషంగా స్టూలు తెచ్చి వేసింది. పిల్ల ఎక్కితే జారిపడుతుందేమోనని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.