పది భయాల పిందె

ఒక పెద్ద అడవిలో, పిల్లలకు ఆత్మవిశ్వాసం తగ్గిపోయిందని పెద్దలంతా సభ చేసి తీర్మానించారు. పిల్లలెవరినీ అడగలేదు. ఆ సమయానికి వాళ్లు వాగులో ఒకరి మీద ఒకరు బురద చల్లుకుంటూ తీరిక లేకుండా ఉన్నారు.

సభకు అధ్యక్షుడు పులి. తీర్మానం అయ్యాక ఒక శాఖ ఉండాలి కాబట్టి ఆత్మవిశ్వాస శాఖ పెట్టారు. శాఖకు ఒక అధికారి ఉండాలి కాబట్టి అడవికోడి పుంజు కుంకుమరాయుణ్ణి నియమించారు. రోజూ సూర్యుణ్ణి లేపుతున్నది తానేనని అతని గట్టి నమ్మకం. తన మీద తనకు అంత నమ్మకం ఉన్నవాడు అడవిలో ఇంకొకడు దొరకలేదు.

ఆ రోజుల్లోనే నేరేడుచెట్టు మీద పిందె అనే ఉడతపిల్ల ఉండేది. గింజలు ఒలవడంలో, పరుగులో, అమ్మకు ఎదురుచెప్పడంలో దానికి సాటి లేదు. ఉన్నది ఒక్కటే చిక్కు. నేరేడు కొమ్మ చివరి నుంచి ఎదురుగా ఉన్న మద్దిచెట్టు మీదికి దూకాలంటే భయం. ఈడు పిల్లలంతా అవతల ఆడుకుంటుంటే పిందె కొమ్మ చివరిదాకా వెళ్లి, తోక బిగబట్టి, కింద ఏదో పడిపోయినట్టు తొంగిచూసి వెనక్కి వచ్చేసేది. ఎవరైనా పిలిస్తే, ఆ ఆటలు తనకు ఇష్టం లేదనేది.

తొందరేముందిలే అంది నాయనమ్మ. తల్లి గోరింటకు మాత్రం తొందరగానే ఉంది. పక్క కొమ్మవాళ్లు అడుగుతున్నారు మరి. పిల్లను చెయ్యి పట్టుకుని శాఖకు తీసుకెళ్లింది.

అక్కడ గుమాస్తా తొండ. ఎవరేం చెప్పినా తల ఊపుతుంది, పని మాత్రం చెయ్యదు. గోరింట చెప్పినదంతా తల ఊపుతూ విని, దరఖాస్తు ఆకు అటూ ఇటూ తిరగేసింది.

"ఒక్క భయమేనా? ఒక్కదానికి శిక్షణ ఇవ్వరమ్మా. కనీసం పది ఉండాలి."

"దానికి ఉన్నది ఒక్కటేనండి."

"ఉంటాయమ్మా, పిల్లన్నాక ఉంటాయి. ఇంటికెళ్లి నెమ్మదిగా ఆలోచించుకుని రండి."

ఇంటికెళ్తే వరసలో చోటు పోతుంది. గోరింట అక్కడే చతికిలబడి ఆలోచించింది. వెనక నిలబడ్డ కుందేలమ్మా, లేడి వదినా సాయం పట్టారు. చీకటంటే భయం అని రాయించారు. ఉరుమంటే భయం. నేరేడుపండు గొంతుకు అడ్డం పడుతుందేమోనని భయం. తన తోకను తనే తొక్కుకుంటుందేమోనని భయం. కునుకు తీసేలోగా చెట్టు నడిచి వెళ్లిపోతుందేమోనని భయం. ఎలాగో తొమ్మిదిదాకా వచ్చి ఆగిపోయారు. చివరికి తొండే జాలిపడి, భయాలు చాలవేమోనని భయం, అని పదోది తనే రాసుకుంది.

పిందె ఇవన్నీ శ్రద్ధగా వింది. దూకడానికే కాక, ఇన్ని సంగతులకు భయపడవచ్చని దానికి అంతవరకూ తెలియదు. ఇంటికి రాగానే చెట్టు మొదట్లోకి దిగి, వేళ్లు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసింది. మరునాటి నుంచి తోకను చంకలో పెట్టుకుని నడిచింది.

శిక్షణ మొదలైంది. కుంకుమరాయుడి పద్ధతి తేలిక. పొద్దున్నే పిల్లలందరూ వరసగా నిలబడి, నేను పులిని, అని నూరుసార్లు అరవాలి. వారం తిరిగేసరికి కుందేలుపిల్ల గడ్డి ముట్టడం మానేసింది, పులులు గడ్డి తినవట. నత్తపిల్ల ఏనుగుకు ఎదురెళ్లి దారి వదలమంది. ఏనుగుకు ఆ మాట వినపడలేదు గానీ, అదృష్టం బాగుండి నత్త కనపడింది. పిందె అందరికంటే గట్టిగా అరిచేది. అరిచి ఇంటికొచ్చి, చెట్టు ఎటూ పోకుండా కాపలా కూర్చునేది.

నెల తిరిగాక నేరేడుచెట్టు కింద ఉత్సవం జరిపారు. అధ్యక్షులవారు వేంచేశారు. నేను పులిని, అని రెండువందల గొంతులు ఒక్కసారిగా అరిచాయి. పులి ఉలిక్కిపడింది. అడవిలో ఇన్ని పులులు ఉన్నాయని తనకెవరూ చెప్పలేదేమని రాయుడి చెవిలో అడిగింది. ఆ తర్వాత తన చారలు తనే తడిమి చూసుకుంటూ కూర్చుంది.

రాయుడు ఉత్సాహం పట్టలేక, శిక్షణ ఫలితం కళ్లారా చూడండంటూ పిందెను పిలిచి మద్దిచెట్టు మీదికి దూకమన్నాడు.

పిందె ఎక్కి కొమ్మ చివర నిలబడింది. అడవి అడవంతా తలలెత్తి చూస్తోంది. దూకు దూకు అని ఒకటే గోల. గోరింట కళ్లు మూసుకుంది. పిందెకు పది భయాలూ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఇందరి ముందు పడిపోతే ఎలాగని పదకొండోది అప్పటికప్పుడు పుట్టింది.

"నువ్వు పులివి, మరిచిపోకు" అని కింద నుంచి రాయుడు కేకేశాడు.

పిందె కిందికి వంగింది. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అయ్యగారూ, పులులు ఇలా కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతాయా?"

గోల ఆగింది. అందరూ పులి వైపు తిరిగారు. పులి గొంతు సవరించుకుని అటూ ఇటూ చూసింది. ఎవరూ ఆదుకోలేదు.

"దూకలేను తల్లీ" అంది చివరికి. "నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి."

సభ బిగుసుకుపోయింది. పిందెకు మాత్రం నవ్వు తన్నుకొచ్చింది. ఇంత పులికే కళ్లు తిరుగుతాయట. అంతలో పై కొమ్మ మీంచి నాయనమ్మ, చిన్నప్పుడు తను ఇక్కడి నుంచే నాలుగుసార్లు పడ్డాననీ, ఒకసారి పడుకున్న అడవిపంది వీపు మీద పడితే అది లేచి కొండ దాకా పరిగెత్తిందనీ తాపీగా చెప్పింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం నాయనమ్మా?"

"చెబుదామనుకునేలోగా మీ అమ్మ దరఖాస్తు పెట్టేసిందిగా."

పిందె నవ్వుతూనే దూకింది. అందంగా ఏమీ దూకలేదు. ఒక చెయ్యి జారి, ఇంకో చేత్తో కొమ్మ పట్టుకుని కాసేపు వేలాడింది. వేలాడుతూ కూడా నవ్వింది. పైకి పాకి, ఇటు దూకింది. మళ్లీ అటు దూకింది. ఇక చాలు దిగమని గోరింట బతిమాలుతున్నా వినలేదు. కుందేలుపిల్ల తాను కుందేలునని అందరికీ చెప్పి, వేదిక ముందున్న గడ్డినంతా మేసేసింది. ఎలుగుబంటి తనకు తేనెటీగలంటే హడలని ఒప్పుకుని భోరుమంది. ఎవరెవరికి ఏమేం చేతకాదో చెప్పుకుని పెద్దాచిన్నా పొట్టలు పట్టుకుని నవ్వారు.

మరునాటి నుంచి శాఖకు ఒక్క పిల్లా రాలేదు. రాయుడు పరుగున వెళ్లి పెద్దల సభ పెట్టించాడు. పిల్లలకు ధైర్యం మరీ ఎక్కువైందనీ, ఇలాగే వదిలేస్తే రోజూ మనల్ని ప్రశ్నలడుగుతారనీ విన్నవించాడు. పులి మీసం సవరించుకుని ఆలోచనలో పడింది. సాయంత్రానికల్లా అతివిశ్వాస నివారణ శాఖ వెలిసింది. అధికారి కుంకుమరాయుడే.

నీతి: పిల్లలకు ధైర్యం వచ్చినా, రాకపోయినా, పెద్దల ఉద్యోగాలకు ఢోకా ఉండకూడదు.