నొక్కి పలికిన మాట

ఉదయం పది గంటలకు ఆన్‌లైన్‌లో ఇటాలియన్ మౌఖిక పరీక్ష. అంతవరకు క్రియాపదాలు బట్టీ పట్టాలని ధాత్రి అనుకుంది. తేలిగ్గా మార్కులొస్తాయని సీనియర్లు చెబితే తీసుకున్న సబ్జెక్టు అది. ఆ సీనియర్లు ఇప్పుడు కనబడితే కొరికేసేలా ఉంది. ఇది పాసైతేనే డిగ్రీ, డిగ్రీ వస్తేనే వర్క్ పర్మిట్.

మాటను ముక్కలుగా విడదీసి ఒక్క ముక్కనే నొక్కి పలకాలి. 'మేం మాట్లాడతాం' అంటే పర్-ల్యా-మో, నొక్కు మధ్యలో. 'వాళ్లు మాట్లాడతారు' అంటే పార్-ల-నో, నొక్కు మొదట్లో. ధాత్రి మాత్రం ఎక్కాలు అప్పజెప్పినట్టు అన్నీ సమానంగా లాగించేది. అందుకని గరిటె తీసుకుని, తను అద్దెకున్న బేస్‌మెంట్‌లోని హీటర్ గొట్టం మీద తాళం వేసింది. నొక్కాల్సిన ముక్కకు గట్టిగా, మిగతావాటికి మెల్లగా.

ఆ గొట్టం పైనున్న ప్రతి గదిలోకీ పోతుంది. ఇంటి యజమాని కోదండరామ్, ఎప్పుడో విదేశానికొచ్చి ఈ మిల్టన్ ఊళ్లో స్థిరపడిన రిటైర్డ్ ఇంజినీరు, దీపం పెడుతూ ఉలిక్కిపడ్డారు. హీటు పెంచనని ముందురోజే మెసేజ్ పెట్టారు కాబట్టి ఇది నిరసనేనని తేల్చుకున్నారు. అద్దెకున్నవాళ్ల మాట వింటే నెత్తికెక్కుతారని ఆయన సిద్ధాంతం. అడక్కుండానే హీటరు కట్టేశారు. చలికి ఒళ్లు మండి ధాత్రి ఇంకా గట్టిగా వాయించింది. ముందు వెళ్లి అడగండని భార్య మీనాక్షి వణుకుతూ మొత్తుకున్నారు. ఆయన వినలేదు సరికదా, వైఫై కూడా పీకేశారు.

అప్పటికి పరీక్ష మొదలైంది. మధ్యలో తెగిన కాల్‌లోకి ధాత్రి ఫోన్ డేటాతో మళ్లీ చేరింది. కింద సిగ్నల్ సరిగ్గా లేక, దుప్పటి కప్పుకుని, ఫోన్ పట్టుకుని మెట్లెక్కింది. తలుపు దగ్గర కోదండరామ్ నిలబడి ఉన్నారు.

"నా ఇంట్లో ఉంటూ నాకే మేళం పెడతావా? నెలాఖరుకి ఖాళీ చెయ్."

ధాత్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ పరీక్షలో ఇటాలియన్ తప్ప వేరే భాష మాట్లాడితే ఫెయిల్. తిట్టాలంటే అందులోనే తిట్టాలి. పెద్దాయన్ని 'నువ్వు' అనడానికి అంత కోపంలోనూ నోరు రాలేదు. 'వారు' అనే అంది.

"పార్లనో, పార్లనో, మ నోన్ అస్కోల్తనో."

మాట్లాడతారు, మాట్లాడతారు, కానీ వినరు. ప్రతి నొక్కూ పడాల్సిన చోటే పిడుగులా పడింది. ఫోన్‌లో ప్రొఫెసర్ చప్పట్లు కొట్టి పాస్ చేసేసింది.

హీటరు మీనాక్షే వేశారు. సాయంత్రం కాఫీతో కిందికి దిగి, ఆ తిట్టుకి అర్థం కనుక్కున్నారు.

"అది నాక్కూడా నేర్పమ్మా."

ఆవిడకు నొక్కు మొదటిసారికే కుదిరింది.