బాపయ్యగారి ఖండన

ఆ పొద్దున జక్రయ్య పెట్టుకున్న పని ఒక్కటే: పత్రికలు పంచేసి, పురుగుమందు వార్తను బస్సులో విజయవాడ పత్రికాఫీసుకు పంపడం. మార్టూరులో ఆ పత్రికకు ఏజెంటూ, విలేకరీ అతనే. రైతు యలమందయ్య పత్తికి ఎన్నిసార్లు మందు కొట్టినా తెల్లదోమ చావలేదు. డబ్బాల్లో ఉన్నది నీళ్ళేనని రైతులంతా గొణుక్కుంటున్నారు గానీ, పైకి అనేవాడు లేడు.

పంపేముందు ఫోను చేస్తే ఆఫీసువాళ్ళు పాత పాటే అందుకున్నారు. "వార్త సరేనయ్యా, దీపావళి సంచికకి ప్రకటనేదీ? అది రాకపోతే నీ వార్తలు వేయం."

జక్రయ్యకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ప్రకటన ఇవ్వగల మనిషి ఆ మందు అమ్మిన షాపు యజమాని బాపయ్య ఒక్కడే! మందు గుట్టు రాయాలంటే మందు అమ్మినవాడి కాళ్ళే పట్టుకోవాలి. ఇదేం పత్రికో, ఇదేం ఉద్యోగమో! తిట్టుకుంటూనే వెళ్ళి పట్టుకున్నాడు. బాపయ్య మురిసిపోయి, దండ వేసుకున్న ఫొటో, "రైతు సోదరులకు శుభాకాంక్షలు" అని రాసిన కాగితం ఇచ్చాడు.

భయపడి వార్తలో షాపు పేరు రాయలేదు జక్రయ్య. కండక్టరు ఊరికే పట్టుకెళ్ళేది ఒక్క కవరే కాబట్టి, వార్తా, ప్రకటనా రెండూ అందులోనే పెట్టి పంపాడు. తీరా పత్రిక వచ్చాక చూస్తే, "మందు డబ్బాల్లో నీళ్ళు" అన్న వార్త పక్కన దండతో నవ్వుతూ బాపయ్య!

కట్ట పంచకముందే బాపయ్య తన ప్రకటన చూసుకుందామని వచ్చాడు.

"ఒరేయ్ జక్రయ్యా! నీకు ఫొటో ఇచ్చింది ఇందుకా?"

"నేను శుభాకాంక్షలకే పంపానండీ, వాళ్ళే కలిపేశారు."

"నోర్ముయ్! కట్టంతా ఇటివ్వు."

కట్ట మొత్తం కొని షాపు వెనక తగలబెట్టాడు. ఇన్నాళ్ళకు ఒక్క నిజం అచ్చయితే ఊళ్ళో చదివినవాడు లేడు. జక్రయ్యకు ఏడుపొచ్చింది.

అక్కడితో ఊరుకుంటే బాపయ్య బతికిపోయేవాడు. కానీ చీరాలలో వియ్యంకుడు ఆ పత్రిక చూశాడు. పరువు పోయిందని బాపయ్య ఆఫీసుకు ఫోను చేసి సవరణ వేయమని గద్దించాడు.

"సవరణలు వేయమండీ, ప్రకటనైతే వేస్తాం" అన్నారు వాళ్ళు.

రోషంతో అరపేజీ తీసుకున్నాడు. "నేను అమ్మిన పత్తి మందు డబ్బాల్లో నీళ్ళున్నాయని మొన్న ఈ పత్రికలో వచ్చిన వార్త పచ్చి అబద్ధం. ఇట్లు, బాపయ్య, మార్టూరు." ఆ రోజు పత్రికలు తనే కొని ఇంటింటికీ ఉచితంగా పంచిపెట్టాడు.

యలమందయ్య చదివి చివాల్న లేచాడు. "అయితే మొన్న పేపర్లోనే వచ్చిందా? ఇంకా గొణుక్కోవడం దేనికి, పదండ్రా!"

మధ్యాహ్నానికి ఖాళీ డబ్బాలతో రైతులంతా షాపు ముందున్నారు. పొద్దు వాలేలోగా బాపయ్య అందరి డబ్బులూ తిరిగిచ్చాడు.

ఆఫీసు నుంచి జక్రయ్యకు అభినందనలు అందాయి, అరపేజీ ప్రకటన సేకరించినందుకు.