జెండాలేని జెండా స్తంభం

వేంగమనాయకన్‌పట్టిలో ఏ పార్టీకీ చెందని ఓటర్ల సంఘంవారి జెండా స్తంభం ఆవిష్కరణ మహోత్సవం ఇటీవల అత్యంత వైభవంగా జరిగింది. జెండా లేదు. ఏ పార్టీకీ చెందనివారికి జెండా ఎలా ఉంటుంది? సంఘాధ్యక్షులు తాడు లాగారు, ఖాళీ తాడు సర్రున పైకి పోయింది, జనం తలలెత్తి చివరిదాకా చూసి చప్పట్లు కొట్టారు. మామూలుగా జెండాలో మూటగట్టి ఉంచే పూలు పైనుంచి రాలాలి. ఇక్కడ మూటకు గుడ్డ లేదు గనక ఒక మనిషి నిచ్చెనెక్కి చేత్తో చల్లాడు. ఆయన కాలు జారి కిందపడ్డా, కార్యక్రమం సాఫీగా సాగింది.

ఈ ఊరు తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. పుదూరుకూ కోవిల్‌పట్టికీ నడుమ నల్లరేగడి నేలలో, వాన పడితే పండే ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఊరి మొదట్లో జెండా స్తంభాలు. ఊళ్ళో ఒక్క ఓటు కూడా లేని పార్టీలకు సైతం ఇక్కడ సిమెంటు దిమ్మె, దాని మీద స్తంభం, దాని కింద చెక్కిన పేర్లు ఉన్నాయి. మగవాళ్ళ పంచెలకు పార్టీ రంగు అంచు ఉంటుంది. పెళ్ళిలో ఎదురైన మనిషిని ముందు అంచు చూసి, ఆ తర్వాత ముఖం చూసి పలకరిస్తారు. చుట్టరికం కూడా అంచు కుదిరితేనే గుర్తొస్తుంది.

ఇంత క్రమశిక్షణ గల ఊళ్ళో కొన్నేళ్ళుగా ఒక వింత జబ్బు మొదలైంది. టీ కొట్టు దగ్గర "నువ్వే కట్చి?" అని అడిగితే, కొందరు "ఏ కట్చీ లేదు" అనసాగారు. కట్చి అంటే పార్టీయే. మొదట్లో అలాంటివాళ్ళను జనం జాలిగా చూసేవారు. పాపం, ఎవరూ చేర్చుకోలేదు కాబోలు అనుకునేవారు. అంతలో ఒక టీవీ చానెల్‌వాళ్ళు సర్వే జరిపి, పార్టీలేని ఓటర్లు రోజురోజుకూ పెరుగుతున్నారనీ, రేపటి గెలుపోటములు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయనీ ప్రకటించారు. అప్పటిదాకా తలవంచుకు తిరిగినవాళ్ళంతా మర్నాటి నుంచి మీసం దువ్వడం మొదలుపెట్టారు. ఇంత బలం ఉన్నాక సంఘం లేకుండా ఎలా?

సంఘానికి అధ్యక్షుడిగా హరికృష్ణన్‌గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. మొక్కజొన్న, పత్తి పండించే భూస్వామి. ఆయన నిష్పాక్షికతకు వంక పెట్టే మొనగాడు ఈ జిల్లాలో లేడు. రెండు పెద్ద పార్టీల్లోనూ ఉండి, రెండూ సీటు ఇవ్వనందుకు రెంటినీ సమానంగా తిట్టి బయటికొచ్చిన మనిషి. ఆయన సలహాతో సభ్యులందరూ ఏ పార్టీలోనూ చేరబోమని ప్రమాణం చేశారు. ప్రమాణం చేయకుండా ఊరికే ఏ పార్టీలోనూ లేనివాళ్ళు కొందరు మిగిలిపోయారు. వీళ్ళు చాటుగా ఏదో పార్టీవాళ్ళేనని సంఘం తీర్మానించి, వాళ్ళతో మాటామంతీ మానేసింది.

స్తంభం ఎక్కడ నాటాలన్న ప్రశ్న వచ్చింది. ఇక్కడే మనం గురువమ్మాళ్ గురించి చెప్పుకోవాలి. తూర్పు వీధిలో ఉంటుంది, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. ఎన్నికల ముందు అక్కా అనీ, తర్వాత ఎవరు నువ్వనీ అన్న నాయకులందరినీ చూసి చూసి, మనస్ఫూర్తిగా విసిగిపోయిన మనిషి. సంఘం పుట్టిందంటే పొంగిపోయింది. "అన్ని కంబాలూ పెద్దోళ్ళ వీదిలోనే ఉండాయి. ఇది మా వీదిలో పెట్టాల, అయ్యా!" అని పోట్లాడి మరీ స్తంభాన్ని తన వీధి మొదటికి సాధించుకుంది.

గుంత తవ్వుతుంటే గునపం దేనికో తగిలి ఖంగుమంది. వెంటనే అడుగు నుంచి నీళ్ళు ఉబికాయి. మండుటెండల్లో, బావులే ఎండిపోయిన ఈ నేలలో నీళ్ళు! ప్రకృతి కూడా ఏ పార్టీకీ చెందదనడానికి ఇంతకంటే రుజువేం కావాలని హరికృష్ణన్‌గారు అక్కడికక్కడే ఉపన్యసించారు. కర్పూరం వెలిగించారు. గురువమ్మాళ్ అయితే ఆ నీళ్ళు దోసిట పట్టి కళ్ళకద్దుకుంది. భూమిలోంచి నీళ్ళొస్తే అది దైవకృపా, పగిలిన పైపా అని ఆలోచించేంత చెడ్డబుద్ధి ఆ గుంపులో ఎవరికీ లేదు. నీళ్ళు ఇంకిపోయాక సిమెంటు పోసి స్తంభం నిలబెట్టారు.

"అమ్మలారా, అన్నతమ్ములారా!" అని ఆవిష్కరణ సభలో అధ్యక్షులు గర్జించారు. "వాళ్ళకు కంబం ఉండాది, పైన గుడ్డ ఉండాది. మనకు గుడ్డ లేదు. గుడ్డ లేని కంబమే మన వీరం! వాళ్ళ కంబం కన్నా మన కంబం ఒక మూర ఎచ్చు!" జనం ఈలలు వేశారు.

తర్వాత నీళ్ళు వదిలే రోజు వచ్చింది. తూర్పు వీధి కుళాయిలు బుస్సుమని గాలి వదిలి ఊరుకున్నాయి. మళ్ళీ వంతు వచ్చినప్పుడూ అంతే. గురువమ్మాళ్ కోడలు కార్తీశ్వరి పురిటి బిడ్డతో ఇంట్లో ఉంది. బిడ్డకు నీళ్ళు పోయాలన్నా, గుడ్డలు ఉతకాలన్నా, పొలాల అవతల పంపుసెట్టు దాకా బిందెలు మోసుకుపోవాలి. అది ముగించుకుని గురువమ్మాళ్ పరుగెత్తేసరికి ఫ్యాక్టరీ గేటు మూసేస్తున్నారు. ఇలా ఇంకొన్నాళ్ళు సాగితే రానక్కర్లేదని మేస్త్రీ చెప్పేశాడు. దైవకృప అసలు రంగు అప్పుడు తెలిసొచ్చి, ఆమె అధ్యక్షుల ఇంటికి పోయింది.

"అయ్యా, కంబం గుంతలో పైపు పగిలిపోయింది. మా వీదికి నీళ్ళు రాలా. ఇంట్లో పచ్చబిడ్డ ఉండాది. పంచాయతు తలైవరుతో ఒక మాట సెప్పండయ్యా."

పంచాయతీ ప్రెసిడెంటు మాట వినగానే హరికృష్ణన్‌గారు బాధగా నవ్వారు. "గురువమ్మా, తలైవరు ముత్తుకృష్ణన్ ఎవురు? ఏలే కట్చి మనిషి. నేను పోయి అతన్ని అడిగితే ఏమౌతాది? ఆ కట్చికి వంగినట్టు అవుతాది. నీళ్ళు ఈ పొద్దు రాకుంటే రేపొస్తాయి. మన మానం పోతే తిరిగొస్తాదా?"

అధ్యక్షులవారి ఇంట్లో సొంత బోరు ఉంది. అందువల్ల ఆయన ఈ సమస్యను ఎలాంటి స్వార్థమూ లేకుండా ఆలోచించగలిగారు.

గురువమ్మాళ్ తనే ముత్తుకృష్ణన్ దగ్గరికి పోయింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే ఆదరించాడు. "కట్చే వద్దంటిరి. మా కంబం కన్నా ఎచ్చుగా నాటిరి. ఇప్పుడు నీళ్ళు కావాల్నా? పోయి ఆ కంబాన్నే అడుగు. సరే, పైపు నేను సరిచేస్తే ఓటు ఎవురికి ఏస్తావు?"

"అది సెప్పకూడదంటారే, అన్నా."

"సూస్తివా, నీకు నా మీద నమ్మిక లేదు. నాకు మట్టుకు నీ మీద ఎట్లా ఉంటాది?" అని ఆయన న్యాయమైన ప్రశ్న వేశాడు.

ఇక కోవిల్‌పట్టి వెళ్ళి ప్రతిపక్షానికి చెందిన సెందిల్‌కుమార్‌ని కలిసింది. ఆయన ఎంత సంతోషించాడంటే, ఆమెకు కాఫీ తెప్పించాడు. "అక్కా, ఎన్నికల దాకా ఆ పైపును ఎవురూ ముట్టుకోవద్దు. అట్లే ఉండనీయండి" అని చేతులు జోడించాడు. మర్నాడే తూర్పు వీధి ఆడవాళ్ళందరినీ వ్యాన్లో తీసుకుపోయి, తాలూకా ఆఫీసు ముందు ఖాళీ బిందెల ఆందోళన జరిపించాడు. బిందెలు ఆయనే ఇచ్చాడు, కొత్తవి, పార్టీ రంగులో. ఫొటోలు తీయడం అయ్యాక జాగ్రత్తగా తిరిగి తీసుకున్నాడు. ఫొటో పేపర్లో పడగానే, గురువమ్మాళ్ ప్రతిపక్షంలో చేరిందని సంఘం ఆమెను వెలివేసింది.

ఇక ఎవరినీ అడిగి లాభం లేదని పక్కింటి మారీశ్వరి, ఇంకొందరు ఆడవాళ్ళు ఒక మధ్యాహ్నం గడ్డపారలు తెచ్చారు. గురువమ్మాళ్ కొంగు బిగించింది. సిమెంటు దిమ్మె చుట్టూ తవ్వుతుంటే స్తంభం మెల్లగా వంగి, రోడ్డుకు అడ్డంగా పడింది. అడుగున పైపు దొరికింది. పగిలిన చోట పాత సైకిల్ ట్యూబు చుట్టి, లాగి కట్టారు. ఆ రోజు నీళ్ళు వదిలే రోజే. కుళాయిలో మొదట బురద, ఆపైన ఎర్రనీళ్ళు, ఆపైన మంచినీళ్ళు వచ్చాయి. కార్తీశ్వరి బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది. బిడ్డ కేర్‌మని ఏడిస్తే, ఆ వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరి నవ్వారు. ఈ కథలో సిగ్గుపడకుండా చెప్పుకోదగ్గ సంగతి ఇదొక్కటే.

బిడ్డ తల ఆరకముందే ఊరు అట్టుడికింది. జెండాలేని స్తంభానికి జరిగిన ఘోర అవమానానికి నిరసనగా సంఘంవారు రోడ్డు మీద బైఠాయించారు. ఆశ్చర్యం, ముత్తుకృష్ణన్ వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నాడు. సెందిల్‌కుమార్ కోవిల్‌పట్టి నుంచి కారేసుకొచ్చి ఇంకో పక్కన కూర్చున్నాడు. ఈ పొద్దు వాళ్ళ కంబం పడితే రేపు మన కంబం పడదా అని ఇద్దరి భయం. ఏ కరువుకూ, ఏ తుఫానుకూ ఒకటి కాని ముగ్గురూ ఒకే తాటి మీదికొచ్చారు. స్తంభాన్ని మళ్ళీ నిలబెట్టాలనీ, పక్కకు జరిపితే ఓడినట్టవుతుంది గనక అదే గుంతలో నాటాలనీ, ఈసారి సిమెంటు రెట్టింపు పోయాలనీ ముక్తకంఠంతో తీర్మానించి, పోలీసు కాపలాతో చీకటి పడకముందే ముగించారు. సైకిల్ ట్యూబు ఆ బరువుకు ఎంతసేపు ఆగుతుంది?

స్తంభం కూల్చిందని స్టేషన్‌కు పట్టుకుపోయాక ఇన్‌స్పెక్టర్ గురువమ్మాళ్‌ని అడిగిన ప్రశ్న ఒక్కటే. నీ వెనక ఉన్నది ఏ కట్చి? "ఏ కట్చీ లేదు సార్. నీళ్ళు రాలేదని తవ్వితిమి" అందామె. ఆయన నమ్మలేదు. నమ్మడానికి ఆధారమూ లేదు. ఎవరినైనా స్టేషన్లో కూర్చోబెడితే, కాసేపట్లో అంచు పంచె కట్టిన మనిషి ఒకడొచ్చి, మా మనిషే అని విడిపించుకుపోవడం ఇక్కడి పద్ధతి. ఆ వచ్చినవాణ్ణి బట్టి పార్టీ ఏదో పోలీసులు తెలుసుకుంటారు. ఆమె కోసం ఎవరూ రాలేదు. పార్టీలేనివాళ్ళ సంఘం అసలే రాలేదు. చివరికి కార్తీశ్వరి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆమెను తేరిపార చూసి, "నువ్వే కట్చిమ్మా?" అన్నాడు.

ఊళ్ళో ఆ చర్చ ఇంకా తెగలేదు. గురువమ్మాళ్‌ని నడిపించింది పాలకపక్షమని ప్రతిపక్షం, ప్రతిపక్షమని పాలకపక్షం, రెండూ కలిసి నడిపించాయని సంఘం అంటున్నాయి. సంఘంలో సభ్యులు మాత్రం నానాటికీ పెరుగుతున్నారు. విరుదునగర్‌లోనూ ఒక శాఖ తెరిచారు.

ఇంత చదివిన పాఠకులకు ఈపాటికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. ఇది రాసినవాడు ఎవరివైపు మనిషి? పాలకపక్షాన్ని కాస్త తక్కువ తిట్టాడా, ప్రతిపక్షాన్ని ఎక్కువ తిట్టాడా? సహజమైన అనుమానమే, నిదానంగా వెనక్కి వెళ్ళి వెతుక్కోండి. ఆ బిడ్డకు మర్నాడు నీళ్ళు ఎవరు పోశారు, ఎక్కణ్ణుంచి తెచ్చి పోశారు అన్న అనుమానం మాత్రం వేంగమనాయకన్‌పట్టిలో ఇంతవరకు ఎవరికీ రాలేదు. మీకు వచ్చిందా?