డబ్బింగ్‌లో చూసుకుందాం

అంధుల జీవితాల్లో వెలుగు నింపే మహత్కార్యం మొన్నామధ్య ఒక శుక్రవారం ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్టూడియోలో, ఎలాంటి అవాంఛనీయ సంఘటనా లేకుండా, దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంధుల తరఫున హాజరైంది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషి ఉద్యోగం పోయింది. తక్కినవన్నీ అనుకున్నట్టే జరిగాయి.

జూబ్లీహిల్స్‌లో అద్దాల మేడ కట్టిన ప్రతివారూ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టేస్తున్న రోజులు కదా. అలాంటి ఒక కంపెనీ అధినేత రఘునందన్ గారు ‘దివ్యనేత్ర’ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేయించారు. చూపు లేనివాళ్లు ఎవరి సాయమూ లేకుండా దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. సీడీ పెట్టగానే బీప్‌మని ఒక కూత వినిపిస్తుంది. అప్పుడొక మీట నొక్కితే, తెర మీదికొచ్చే ప్రతి ప్రశ్ననూ కంప్యూటరే పైకి చదువుతుంది. విని, జవాబు నొక్కుతూ పోవడమే. నిజంగానే మంచి వస్తువు. అందుకే దానికి ఇంత ప్రచారం అవసరమైంది.

వెంగళరావు నగర్ ఫెబాకు పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటర్. దివ్యనేత్రను ఇంట్లో ఇరవైసార్లు ఎక్కించి, పదకొండు తప్పులు పట్టి కంపెనీకి రాసింది. రఘునందన్ గారు ముచ్చటపడిపోయారు. “కెమెరా ముందు ఒక్కదానివే ఎక్కించి చూపించమ్మా. మా దగ్గర తప్పులు పట్టే ఉద్యోగం నీదే” అన్నారు. పాపం, ఫెబా ఆ మాట నమ్మి బ్యాంకుకు రాజీనామా ఇచ్చేసింది.

ప్రచారచిత్రం భారం దర్శకులు బసవపున్నయ్య గారి మీద పడింది. ఇరవై ఏళ్లుగా హీరోల చేత జీపుల్ని గాల్లోకి లేపించిన చెయ్యి ఆయనది. కంప్యూటర్ ఒక లెక్కా?

మొదటి చిక్కు, ఫెబా గుడ్డిదానిలా లేకపోవడం. ఇస్త్రీ చీర కట్టుకుని, మడత పెట్టే తెల్లకర్ర తట్టుకుంటూ తనే ఫ్లోర్‌లోకి నడిచి వచ్చింది. పైగా నవ్వుతోంది! “ఇలాగైతే జనానికి జాలెలా పుడుతుందమ్మా?” అని దర్శకులు నొచ్చుకుని, నల్లకళ్లద్దాలు, వెలిసిపోయిన చీర, వెదురుకర్ర తెప్పించారు. ముహూర్తానికి పురోహితుడు సీడీకి పసుపు కుంకుమలు అద్దాడు, మెరిసే వైపున. ఇంకో సీడీ వచ్చేలోపు యూనిట్ మొత్తం రెండోసారి టిఫిన్ చేసింది.

కొబ్బరికాయ కొట్టారు. “సైలెన్స్!” అని అరిచారు. క్లాప్ పడింది. బీప్ విని ఫెబా మీట నొక్కింది. “భాషను ఎంచుకోండి” అంది కంప్యూటర్.

“కట్! సైలెన్స్ అన్నాక మాట్లాడిందెవడ్రా?” అని గర్జించారు బసవపున్నయ్య గారు. కంప్యూటరని మనవి చేశారు. ఆ గొంతులో ఫీల్ లేదని ఆయన తేల్చేశారు. పేరున్న డబ్బింగ్ కళాకారిణితో తర్వాత చెప్పించవచ్చట. ముందు ఆ స్పీకర్ల తీగ పీకేయమన్నారు.

సౌండ్ చూసే షేక్‌పేట హనుమంతు నసిగాడు. “సార్, గా కంప్యూటర్ మాట్లాడకుంటే ఆమెకెట్ల ఎర్కైతది? జర సోచాయించున్రి.”

“మన సినిమాల్లో సెట్లో పలికిన మాట తెర మీద ఎప్పుడైనా వినిపించిందా? డబ్బింగ్‌లో చూసుకుందాం. ఆమెను ఎక్స్‌ప్రెషన్ ఇవ్వమను, చాలు.”

ఫెబాకు ఒళ్లు మండిపోయింది. “సార్, అది మాట్లాడినంతసేపూ నాకు ఏ లోటూ లేదండీ. తీగ పీకితేనే నేను గుడ్డిదాన్ని” అంది. అద్భుతమైన డైలాగ్ అని అందరూ మెచ్చుకున్నారు. తీగ మాత్రం పీకేశారు.

ఉద్యోగం కోసం పళ్లు బిగించి కూర్చుంది ఆ పిల్ల. ఇంట్లో ఇరవైసార్లు చేసిన క్రమం గుర్తు తెచ్చుకుంటూ, ఏమీ వినపడకుండానే సగం దాకా లాక్కొచ్చింది. అక్కడ ఆగి, చేతులు వెనక్కి తీసుకుంది. “ఇప్పుడు ఏ డిస్కు చెరిపేయాలని అడుగుతుందండీ. మా ఇంట్లో ఒక్కటే డిస్కు. ఇందులో ఎన్నున్నాయో, ఎవరి పనుందో నాకు తెలీదు. వినకుండా నొక్కను.”

కథ ఆగిందని దర్శకులు గ్రహించారు. కథ ఆగినప్పుడు హీరో రావాలి. అతిథిగా విచ్చేసిన ‘యాక్షన్ కిరీటి’ అరవింద్ గారు మెల్లగా నడిచి వచ్చి, ఆమె చేతి మీద చెయ్యి వేసి, కెమెరా వైపు తిరిగి, “చెల్లెమ్మా, నీకు కళ్లు నేనే” అంటూ తెరవైపు చూడకుండా ఎంటర్ నొక్కేశారు. కంప్యూటర్ ఎడిటింగ్ గదిలోంచి తెచ్చింది. అరవింద్ గారి కొత్త సినిమా పాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఉండేవి.

ప్రెస్ మీట్‌లో రఘునందన్ గారు ఎంతో సంయమనం పాటించారు. “అంధులకు అవకాశం ఇచ్చాం. కంగారులో చిన్న పొరపాటు చేశారు. అయినా వారిని క్షమిస్తున్నాం” అన్నారు. అభ్యర్థి పనిని స్వయంగా పూర్తి చేయలేకపోయినందున నియామకం వీలుకాదని ఫెబాకు ఉత్తరం పంపారు. అచ్చులో పంపారు కాబట్టి పక్కింటావిడ చదివి వినిపించింది. బ్యాంకులో ఆమె కుర్చీలో అప్పటికే వేరొకరు కూర్చున్నారు.

ప్రచారచిత్రం మాత్రం చూసే ఉంటారు. హాల్లో లైట్లార్పగానే వస్తుంది. చివర్లో అరవింద్ గారు ఎంటర్ నొక్కుతుంటే మీరు కళ్లు తుడుచుకున్నారని తెలిసింది.

ఇక ఆ ఉద్యోగానికి కంపెనీ తాజాగా ప్రకటన ఇచ్చింది: “అంధుల ఇబ్బందులు క్షుణ్ణంగా ఎరిగినవారు కావలెను. కంటిచూపు బాగుండవలెను.” రెండు వేల దరఖాస్తులు వచ్చాయట. అందులో మీ అబ్బాయిది కూడా ఉందని, ఇంటర్వ్యూ కోసం కళ్లకు గంతలు కట్టుకుని సాధన చేస్తున్నాడని విన్నాం. చాలా సంతోషం.