డేగ పట్టిన మందు

నా రాతలో ఒత్తులు తప్పినా, దీర్ఘాలు జారినా మన్నించండి. అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట. ఈ నాలుగు ముక్కలకే తొమ్మిది రోజులు పట్టింది.

అప్పట్లో జగ్గయ్యపేటలో మా పక్కిల్లు శేషాద్రిగారిది. రిటైరైన బస్సు కండక్టరు. ఒక ఉదయం గోడ మీదుగా ప్రకటించారు.

"నాగూర్‌బీ గారూ, ఈ పేటలో నేరస్తులకి ఆఖరి రోజులొచ్చాయి. నా మేధస్సుకి యంత్రం తోడైంది."

యంత్రమంటే ఆయన ఫోన్లో వీడియోలు చూసి మూడు రోజుల్లో తయారుచేసిన చాట్‌బాట్. పేరు డేగ. పొద్దున్నే నడిచే మా వీధివాళ్లం ఆరుగురం రోజూ దానికి చెప్పాలి: ఎంత నడిచాం, ఏం తిన్నాం, ఏం తాగాం. నోటితో చెబితే అదే రాసుకుని, ఆదివారం ఆయనకు చిట్టా ఇస్తుంది.

"ఆరోగ్యానికి డిటెక్టివ్ ఎందుకండీ?"

"అలవాటు దాచేవాడే నేరస్తుడమ్మా."

మొదటి ఆదివారమే చిట్టా పట్టుకుని పరుగున వచ్చారు. మా ఆరుగురిలో ఒకడైన మా తమ్ముడు నాసర్ పేరు ఎదురుగా ఇలా ఉంది: మద్యం సేవించారు, ఉదయం ఆరింటికి, వారంలో నాలుగుసార్లు.

నాసర్ నందిగామలో ఒక బడికి వ్యాను నడుపుతాడు. పదకొండేళ్లలో ఒక్క పిల్లకు గీత పడనివ్వలేదు. ఈ మాట బడికి చేరితే ఆ పూటే ఉద్యోగం పోతుంది.

"వాడు సోడా కూడా తాగడండీ. పిలిచి అడుగుదాం."

"అడిగితే నిందితుడు జాగ్రత్తపడతాడు. రేపు స్వయంగా పట్టుకుని, ఏడున్నరకి బడికి ఫోన్ చేస్తా. పసిపిల్లల ప్రాణాలమ్మా."

సోమవారం ఆరింటికి, గరికపాడు దారిలో నాసర్ కౌలుకు చేసే మిరపచేను గట్టు వెనక ఇద్దరం నక్కాం. పొగమంచులోనే ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు.

"చూశారా, ముఖానికి తువాలు. గుర్తుపట్టకుండా."

"ఘాటుకండీ."

"నడక తూలుతోంది."

"వీపున ట్యాంకుందండీ."

"ట్యాంకు నిండానా? ఘోరం."

నేను చొక్కా పట్టుకుని ఆపేలోపే మిరపసాళ్లలోకి పాక్కుంటూ వెళ్లారు. అద్దాలు మంచుపట్టి నాసర్‌కి సరిగ్గా ఎదురెళ్లారు. సుయ్యిమని పిచికారీ పడి తల నుంచి నడుము దాకా తడిసిపోయారు. అదృష్టం, ఆ రోజు ట్యాంకులో ఉన్నది వేపనూనె.

"అయ్యో అన్నయ్యగారూ, మీరా? నేను పందనుకున్నా."

నాసర్ ఒక చేత్తో ఆయన ముఖం తుడుస్తుంటే జేబులో ఫోన్ మోగింది. డేగ వేళకే పలకరించింది. రెండో చేత్తో ఫోన్ తీసి దానికి చెప్పాడు.

"ఇప్పుడే మందు కొట్టా."

"మద్యం సేవించారు. నమోదు చేశాను. దయచేసి మానేయండి," అంది డేగ.

"మానేస్తే నల్లతామర పురుగుల్ని నువ్వొచ్చి ఏరతావా?"

డేగకు తెలిసిన మందు ఒక్కటే, సీసాలోది. నేను గట్టుమీద కూలబడి పక్కలు నొప్పెట్టేలా నవ్వాను. శేషాద్రిగారు చెవుల్లో నూనె దులుపుకుని లేచి నిలబడ్డారు.

"అనుమానించినట్టే అయింది. అసలు ముద్దాయి నల్లతామర."

ఏడున్నరకి బడికి ఫోన్ వెళ్లలేదు, వ్యాను వెళ్లింది. ముందుసీట్లో శేషాద్రిగారు, ముక్కులు మూసుకున్న పద్నాలుగు మంది పిల్లలకు ఈ కేసు తానెలా ఛేదించారో వివరిస్తూ నందిగామ దాకా వెళ్లారు.

నాగూర్‌బీ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉంటున్నది నందిగామ.